హెమ్లాక్ వాగులో నీళ్ళు

కార్వర్స్ ఫోర్డ్, పశ్చిమ వర్జీనియా
మార్చి, 1997

అమ్మా వెర్నా,

నీ మోకాలు ఎలా ఉందని అడగను. అడిగితే బాగుందనే రాస్తావు. నేను బతికే ఉన్నాను. ఊళ్ళో కొందరికి అది ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది.

ఇన్నాళ్ళకు కాగితం తీశానంటే కారణం వెండెల్ అటర్‌బాక్. ఆ అటర్‌బాకే, గని సూపరింటెండెంటు కొడుకు. తండ్రి పోయాక ఇల్లూ, ఆ నవ్వూ రెండూ వీడికే వచ్చాయి. రైళ్ళు ఆగిపోయిన మన స్టేషనులో, సామాన్ల గదిలో, వీడూ వీడి జట్టూ బొమ్మరైళ్ళ క్లబ్బు నడుపుతున్నారు. గది పొడుగునా బల్ల వేసి మన లోయ మొత్తం కడుతున్నారు: కొండలు, గని, చర్చి, వంతెన, దాని కింద హెమ్లాక్ వాగు. అందులో మనిషి చిటికెనవేలి గోరంత ఉంటాడు. మనవలున్న పెద్దమనుషులు ఆ గోరంత మనిషి టోపీకి ఏ రంగు వెయ్యాలని ఒకరి చొక్కా ఒకరు పట్టుకుంటారు.

పోయిన ఆదివారం వెండెల్ ఇంట్లో కాల్చిన ఆపిల్ పై పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చాడు. కొండలు కట్టారట, చెట్లు వాళ్ళావిడ చేసిందట, వాగు మాత్రం కుదరలేదట.

"పోసి నెలయింది మాస్టారూ, ఇంకా వేలికంటుకుంటోంది. ఈగలు వాలి చస్తున్నాయి. ఊళ్ళో నీళ్ళు పొయ్యడం వచ్చినవారు మీరొక్కరే గదా."

"నీకు కెమిస్ట్రీలో మార్కులెందుకు రాలేదో ఇప్పటికైనా తెలిసిందా?" అన్నాను.

నవ్వాడు. నవ్వేవాడిని ఏం చేస్తాం. ఆపిల్ పై తిన్నాను. బాగుంది. దానితో ఇంకా ఒళ్ళు మండింది.

నీకు ఈ బొమ్మ నీళ్ళ సంగతి తెలియదు. ఆరితే గాజులా గట్టిపడే జిగురు ఇది. రెండు సీసాల్లో రెండు ద్రవాలుంటాయి. సమంగా కొలిచి, బుడగ లేవకుండా మెల్లగా కలిపి, పల్చటి పొరలుగా, ఒకటి గట్టిపడ్డాకే ఇంకొకటి పొయ్యాలి. వీళ్ళు కంటి అంచనాతో కలిపి లోతంతా ఒక్కసారే నింపారు. రెండిట్లో ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా ఎప్పటికీ గడ్డకట్టదు. కొలత సరిగా ఉన్నా మందంగా పోస్తే లోపల వేడెక్కి పగులుతుంది. పైగా అసలు విషయం వాళ్ళకు తెలియలేదు. బొమ్మ వాగు లోతు నీళ్ళలో ఉండదు, అడుగున వేసే రంగులో ఉంటుంది. మధ్యన ముదురు, ఒడ్డుకు వచ్చేకొద్దీ లేత. బడిలోంచి నన్ను తీసేశాక నేలమాళిగలో కూర్చుని ఇరవై ఏళ్ళు నేర్చుకున్నది ఇదే.

ఇక నువ్వు వినవలసిన మాట. ఈ క్లబ్బులకు ఒక ఆచారం ఉంది. లోయను ఏదో ఒక రోజు మీద ఆపేస్తారు. గోడ మీద ఆ తేదీ క్యాలెండరు ఉంటుంది. ఆ రోజు తర్వాతి కారు, సీసా మూత, ప్రకటన బోర్డు, ఏదీ బల్ల మీద ఉండడానికి వీల్లేదు. వీళ్ళు ఎంచుకున్న రోజు ఏదో చెప్పనా? 1957 అక్టోబరులో ఆఖరి ఆవిరి ఇంజను మన వంతెన దాటిన ఉదయం. అంటే ఆ ఉదయమే. గని చెత్త దిబ్బ వెనక చేరిన నీళ్ళు తెగి, నీ ఇంటి వరస మొత్తాన్నీ, నా తమ్ముడు లూథర్‌నూ, నీ చిట్టి ఒపల్‌నూ తీసుకుపోవడానికి కొన్ని గంటల ముందు. వీళ్ళకు ఇంజను కనపడింది, అంతే. పైగా తలుపు పక్కన రాగిరేకు బిగించారు: 'ఊహకందని వాన వల్ల జరిగిన దైవఘటన.' దైవం మీద వేస్తే దైవం కోర్టుకు రాడు గదా.

ముందే హెచ్చరిక ఉండి ఉంటుందని విచారణలో నిలబడి అన్నందుకు తండ్రి అటర్‌బాక్ నా ఉద్యోగం తీయించాడు. ఇప్పుడు కొడుకే వాగును నా చేతిలో పెట్టాడు. నేను ఒప్పుకున్నాను.

నీ ఇల్లు కడతాను. గోడలకు ఏ రంగు, వెనక ఏముంది, రాయి.

హిరమ్


ఏక్రన్, ఒహాయో
ఏప్రిల్

బావగారికి,

మోకాలు బాగుంది.

ఇల్లు తెలుపు కాదు. ఆ ఊళ్ళో తెలుపు ఏదీ నిలిచేది కాదని మీకు తెలుసు. బూడిద రంగు అనుకోండి. కిటికీ చెక్కలకు లూథర్ ఆకుపచ్చ వేశాడు, రోడ్డు వైపు మాత్రమే. అంతలో డబ్బా అయిపోయింది. తర్వాత వేద్దామన్నాడు. వెనక వంటింటి తలుపు, బట్టల తీగె, వాగులోకి దిగే రాతి మెట్లు. ఆఖరి మెట్టు కదిలేది.

మీరు కడతానంటే కాదనను. కాదంటే మానే మనిషి కాదు మీరు. కాని ఒక్క మాట. ఇల్లు చాలు. వాళ్ళిద్దరినీ అందులో పెట్టకండి. నేను ఎవరితోనూ ఎక్కువగా ఏదీ వద్దనను, ఇది వద్దంటున్నాను.

వెండెల్ అప్పుడు పద్ధెనిమిదేళ్ళవాడు. ఆ సంగతి కూడా మర్చిపోకండి.

చర్చిలో ముసలివాళ్ళకు సోమవారాలు బీన్సూ మొక్కజొన్న రొట్టే వండుతున్నాను. తినేవాళ్ళలో సగంమంది నాకంటే చిన్నవాళ్ళు.

వెర్నా


కార్వర్స్ ఫోర్డ్
జూన్

అమ్మా వెర్నా,

నీ ఇల్లు అయింది. చెక్కలు ఒకవైపే ఆకుపచ్చ. ఆఖరి మెట్టు కొంచెం వంచి అతికించాను. ఎవరికీ చెప్పలేదు. క్లబ్బు సెక్రటరీ భూతద్దం పెట్టి చూసి, మెట్టు వంకరపోయిందని నాకు చెప్పాడు. నువ్వు కూడా అంతే అన్నాను.

ఇసుక నిజంగా హెమ్లాక్ వాగుదే. నేనే వెళ్ళి తెచ్చి, ఆరబెట్టి, టీ వడపోతలో జల్లించాను. అడుగు రంగు వేసి రెండు పొరలు పోశాను. పొర మీద లేచిన బుడగలను గొట్టంతో ఊదితే పగులుతాయి. ఈ వయసులో నా ఊపిరికి దొరికిన ఉపయోగం ఇది.

గొడవ రంగు దగ్గర వచ్చింది. వెండెల్‌కు అద్దం లాంటి నీళ్ళు కావాలి, రాళ్ళు కనపడాలి, ఒడ్డున గాలంతో ఒకడు నిలబడాలి. గని కింద ఉన్న వాగు అద్దంలా ఎప్పుడుంది? నేను పలచగా నలుపు కలిపాను. పాస్టరుగారు కూడా సభ్యుడే. చూడవచ్చే పిల్లలకు ఆహ్లాదంగా ఉండాలి కదా అన్నాడు. శవపేటికలు చాలక గుడారం గుడ్డలో చుట్టి పూడ్చినప్పుడు ఈయన ముందరి పాస్టరు కూడా ఆహ్లాదంగానే ప్రసంగించాడని గుర్తు చేశాను. పత్రిక నడిపే ముసలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఆ ఏడాది ఏం రాశాడో నాకు కంఠతా వచ్చు, అదీ వినిపించాను. చరిత్ర పుస్తకాలు నేను చాలా చదివాను వెర్నా. ఓడినవాళ్ళు రాసింది ఒక్కటి కూడా కనపడలేదు.

ఇప్పుడు మూడో పొర పొయ్యాలి. నీటి మట్టం ఎక్కడ ఆపాలో తెలియదు. ఆ పొద్దున తీసిన ఫోటోలు తొంభై దాకా క్లబ్బులో ఉన్నాయి. అన్నిటిలోనూ ఇంజనే. వంతెన కింద మొత్తం పొగమంచు. అందులో వాగు ఎక్కడా లేదు. వాన వల్ల ఉదయం నుంచీ వాగు పొంగుతూనే ఉందని కంపెనీ చెప్పింది. పొంగుతూ ఉంటే మన వరసలో వాళ్ళు ఎందుకు కదల్లేదు? వాళ్ళేం మూర్ఖులు కారు.

నువ్వు ఆ ఇంట్లో ఉన్నావు. ఆ ఉదయం నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయి, ఏ రంగున ఉన్నాయి? నలభై ఏళ్ళలో నిన్నీ మాట నేరుగా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

హిరమ్


ఏక్రన్
ఆగస్టు

బావగారికి,

రెండు నెలలు జవాబు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. కాని మీరు మూడో పొర పోస్తారు. తప్పు నీళ్ళు పోస్తారు. అది కూడా నావల్ల కావడం లేదు.

నీళ్ళు ఏ రంగు అని అడిగారు. నీళ్ళు లేవు బావగారూ.

చప్పుడు లేకపోవడంతో మెలకువ వచ్చింది. ఆ ఇంట్లో వాగు చప్పుడు లేకుండా ఒక్క క్షణం కూడా ఉండేది కాదు. లూథర్ రాత్రి షిఫ్టు దిగి వచ్చి తొట్టి దగ్గర మొహం కడుగుతున్నాడు. ఒపల్ వెనక తలుపులోంచి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, వాగు పారిపోయింది" అంది.

నిజంగానే పారిపోయింది. రాళ్ళు, బురద, గుంటల్లో మిగిలిన నీళ్ళు, వాటిలో తపతప కొట్టుకుంటున్న చేపలు. ఆ నీళ్ళకు అలవాటుపడిన మొండి చేపలు ఉండేవి చూడండి, మేం తినం అంటూనే అందరం తినేవాళ్ళం, అవి. వరసంతా మెట్ల మీదకు వచ్చింది. పక్కింటి గ్రైమ్స్ ముసలావిడ, ఏసు ప్రభువు వలలు కూడా అక్కర్లేకుండా చేశాడని నవ్వింది. లూథర్ బొగ్గు బాల్చీ తీసుకుని దిగాడు. ఒపల్ బడి జోళ్ళతో దిగబోతే నేను కేకేశాను. విప్పి మెట్టు మీద పక్కపక్కన పెట్టి దిగింది. చేప జారిపోయినప్పుడల్లా ఇద్దరూ నవ్వుతున్నారు. లూథర్ అలా నవ్వడం పెళ్ళయిన కొత్తలో తప్ప నేను చూడలేదు.

అప్పుడే వంతెన మీద ఇంజను కూత వేసింది. అందరూ తలలెత్తి చేతులూపారు. నేను అవతలి ఒడ్డు వైపు చూశాను. మంచు కాస్త విడిచిన చోట సూపరింటెండెంటు తన వరండాలో కాఫీ కప్పుతో నిలబడి వాగులోకి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. లోపలికి వెళ్ళాడు. ఫోను ఉన్నది ఆ ఇంట్లోనూ స్టేషనులోనూ మాత్రమే. ఆయన చూశాడు గనక ఇక ఫరవాలేదనుకున్నాను. ఆ రోజుల్లో అలాగే అనుకునేవాళ్ళం.

అన్ని చేపలకు ఇంట్లో ఉప్పు చాలదని కొట్టుకు వెళ్ళాను. కొట్టు గుట్ట మీద ఉంది.

ఎగువన చెత్త దిబ్బ జారి వాగుకు అడ్డం పడిందని, దాని వెనక నీళ్ళు నిండుతున్నాయని తర్వాత తెలిసింది. విచారణలో నన్నడిగింది ఒకటే, ముందురోజు వాన పడిందా అని. పడిందన్నాను. వెళ్ళొచ్చన్నారు. వరసలో నాతోపాటు మిగిలిన గ్రైమ్స్ ముసలావిడకు మాట పోయింది, ఆ చలికాలంలోనే కన్నుమూసింది.

తర్వాతైనా చెప్పొచ్చు. మీకైనా చెప్పొచ్చు. చెప్పలేదు. వాళ్ళిద్దరూ వాగులో నవ్వుతూ తిరిగిన ఆ కాస్త పొద్దు నాది. మీకిస్తే మీరు దాన్ని చేతికర్ర చేసుకుంటారని భయం.

వాగు ఎండగట్టండి. నిజం అదే గనక కాదనను. వాళ్ళను మాత్రం పెట్టకండి. మొదట చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను.

వెర్నా


కార్వర్స్ ఫోర్డ్
అక్టోబరు

అమ్మా వెర్నా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో రాయను.

పోసిన రెండు పొరలూ ఉలితో తవ్వి తీసేశాను. గాజుపెంకుల్లా లేచివచ్చాయి. అడుగు రంగు మళ్ళీ మొదటినుంచి. నీళ్ళు చెయ్యడం తేలిక వెర్నా, నీళ్ళు ఇప్పుడే పోయాయని చూపించడం కష్టం. ఎండిన ఏరు వేరు, ఇది వేరు. రాళ్ళ నెత్తిన ఆరిన తెలుపు, నడుము దగ్గర నాచు, కింద ఇంకా తడి. బురద మీద సన్నటి మెరుపు, ఎక్కువైతే నీరనుకుంటారు, తక్కువైతే మట్టి అనుకుంటారు. గుంటల్లో మాత్రం ఒక్కొక్క చుక్క పోశాను. ఇంతకంటే మంచి పని నా చేతుల మీదుగా జరగలేదు, ఇక జరగదు.

సమావేశంలో గగ్గోలు లేచింది. వాగు ఖాళీగా ఉంటే పని పూర్తికాలేదనుకుంటారని పాస్టరుగారు. ఇంజను కింద ఎండిన గుంట ఏం అందమని సెక్రటరీ. నేను లేచి గోడ మీది క్యాలెండరు చూపించాను. పోయిన నెలే వీళ్ళు ఒక బొమ్మ కారును, మరుసటి ఏడాది మోడల్ అని, దాని దీపాలు లెక్కబెట్టి మరీ తీసేశారు. మీ నియమమే గదా, ఆ ఉదయం ఏది ఎలా ఉంటే అలాగే ఉండాలి. ఆ ఉదయం హెమ్లాక్ వాగులో నీళ్ళు లేవు, చూసిన మనిషి ఉంది అన్నాను. నీ పేరు చెప్పలేదు.

అందరూ వెండెల్ వైపు చూశారు. వాడు ఓటు పెట్టమన్నాడు, నా వైపు చెయ్యెత్తాడు. మిగతావాళ్ళు వాడిని చూసి ఎత్తారు.

బయట నా కారు దాకా వచ్చాడు. తాళం తీస్తుంటే అన్నాడు: "నాన్న చూశాడు మాస్టారూ. లోపలికొచ్చి, కాఫీ చల్లారిపోయిందని అమ్మ మీద విసుక్కుని మళ్ళీ పోయించుకున్నాడు. ఫోను చేస్తే గని ఆపాల్సొస్తుందన్నాడు. నేను అదే బల్ల దగ్గర గుడ్డు తింటున్నా."

నలభై ఏళ్ళు ఆ మాట కోసమే బతికాను. విని ఇంటికొచ్చి కోటు విప్పకుండా చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఆకలేసింది.

నవంబరులో జనానికి తలుపులు తెరుస్తున్నారు. వచ్చినవాళ్ళకు వాగు గురించి నేనే చెబుతాను. వెండెల్ పక్కనే నిలబడతానన్నాడు, నిలబడనీ. నీకు రావడానికి ఓపిక ఉండదని తెలుసు. అయినా చూడవలసిన పని అది. అందులో ఏం చేశానో ఉత్తరంలో చెబితే చాలదు.

హిరమ్


ఏక్రన్
నవంబరు

బావగారికి,

వచ్చాను. బస్సులో వచ్చి బస్సులో వెళ్ళిపోయాను. తలకు గుడ్డ కట్టుకున్నాను, కళ్ళద్దాలు కొత్తవి, మీరు పోల్చుకోలేదు. నేనూ మిమ్మల్ని వెంటనే పోల్చుకోలేదు. చాలా చిక్కిపోయారు.

వరసలో నిలబడి మా ఇంటిదాకా వచ్చాను. ఆకుపచ్చ చెక్కలు చూశాను. మెట్టు చూశాను. రాళ్ళు వంగి చూశాను. అంత బాగా చేశారు. ఆ వాసన తప్ప మొత్తం ఉంది.

తర్వాత వాళ్ళను చూశాను. బాల్చీతో లూథర్. ఉత్తకాళ్ళతో ఒపల్. మెట్టు మీద జోళ్ళు కూడా పెట్టారు. ఆ జోళ్ళ సంగతి నేను రాసింది మీ ఒక్కరికి.

మీ చేతిలో కర్ర ఉంది, బడిలోలాగా. "ఇతను నా తమ్ముడు, ఇది అతని కూతురు, తొమ్మిదో ఏడు" అన్నారు. కర్ర కొసతో దాని నెత్తిన తాకారు. తర్వాత అదే కర్రతో అవతలి ఒడ్డున వరండా చూపించారు. జనం వెండెల్‌ను చూశారు. అతను నేల చూపులు చూస్తున్నాడు. అతని భార్య బయటికి వెళ్ళిపోయింది. మీరు గెలిచారు బావగారూ. నేనక్కడే ఉండి చూశాను. మీ మొహం ఆ క్షణాన ఎవరిలా ఉందో చెప్పను.

అంతలో ఎవరో మీట నొక్కారు. ఇంజను వంతెన మీదకు వచ్చి కూత వేసింది. మీతో సహా అందరూ తలలు తిప్పి దాన్నే చూశారు.

అప్పుడు వంగి వాళ్ళిద్దరినీ వాగులోంచి తీసేశాను. గట్టిగా అతికించారు. లూథర్ ఒక కాలు విరిగింది. జోళ్ళు కూడా తీద్దామనుకున్నాను, అంత చిన్నవి నా వేళ్ళకు దొరకలేదు.

వంటింటి కిటికీలో పెట్టాను. ఇప్పుడు వాగులో ఎవరూ లేరు. మీరూ అటర్‌బాకులూ ఇక ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు కొట్టుకోండి.

దీనికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

వెర్నా


కార్వర్స్ ఫోర్డ్
డిసెంబరు

వెర్నా,

రాయకుండా ఉండలేను, అది నీకూ తెలుసు. సమర్థించుకోవడానికి నాలుగు పేజీలు రాశాను. చదువుకుంటే విచారణలో కంపెనీ వకీలు మాటల్లా ఉన్నాయి. పొయ్యిలో వేశాను.

బొమ్మలు పోయాయని ముందు చూసింది వెండెల్. పెట్టెలో వేరే బొమ్మలున్నాయి, రంగు వేస్తే సరిపోతాయని సెక్రటరీ అన్నాడు. వద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. వెండెల్‌కు అర్థమైందనుకుంటాను. ఆ రోజు తలగుడ్డ ముసలావిడకు తలుపు తెరిచి పట్టుకున్నది తనేనట. ఇద్దరం ఆ మాట అక్కడితో ఆపేశాం. వాళ్ళావిడ నాతో మాట్లాడటం లేదు. నేను చెప్పడం మానేశాను. కర్ర ఇంట్లో ఉంది.

జోళ్ళు నీకు పంపిద్దామని పట్టకారుతో తీయబోయాను. పొడి అయిపోయాయి.

వాళ్ళు నిలబడిన చోట జిగురు మిగిలింది, నాలుగు చిన్న చుక్కలు. దీపం కింద మెరుస్తున్నాయి. మామూలుగా అయితే నేను ఒక్క పూట కూడా ఆగను, మెరుపు చంపే రంగు పూసేస్తాను. మొన్న ఎవరో ఒకావిడ వాటిని చూపించి, వాగులో అక్కడక్కడ నీళ్ళింకా మిగిలే ఉన్నాయి అని పక్కావిడతో అంది. నేను పక్కనే ఉన్నాను. కాదని చెప్పలేదు.

హిరమ్